వేరు చూడాలంటే

జూలై 6

ప్రభాకరరావు శిష్యురాలు ఈరోజు నా గడప తొక్కింది.

ఆ పేరు ఇందులో మళ్లీ రాయకూడదని ఎప్పుడో ఒట్టు పెట్టుకున్నాను. రాయక తప్పింది కాదు. ముప్పై ఏళ్లు ఒకే పరిశోధన కేంద్రంలో, ఒకే వరండాకు ఎదురెదురు గదుల్లో కూర్చుని కొత్త వంగడాలు తయారుచేసే పని చేశాం. ఆయన గదికి ఏసీ వచ్చింది. నా గదికి చెదలు వచ్చాయి. నేను రిటైరై రాచర్లకు వచ్చి, చెల్లెలు శ్రీశైలమ్మ వండింది తింటూ పుస్తకాలు చదువుకుంటున్నాను. ఆయన రిటైరయ్యాక కూడా ప్రతి కమిటీలోనూ సలహాదారే. కుర్చీలు కొందరిని వదలవు.

పిల్ల పేరు కేథరిన్. ఊరు యర్రగొండపాలెం. అలసంద మీద పనిచేస్తోంది. కోస్తావాళ్లు బొబ్బర్లంటారు. గుట్ట కింద నాకున్న గరుసు చేను ఒక పంటకాలానికి కావాలట.

"అందులో రాళ్లు తప్ప ఏం పండవమ్మా" అన్నాను.

"అందుకే సార్" అంది.

అలసంద వేళ్లకు బుడిపెలు వస్తాయని, వాటిలో సూక్ష్మజీవులు చేరి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు పెడతాయని మొదలుపెట్టింది. ఎవరికి చెబుతున్నదో ఆ పిల్లకు తెలియదా? చేయెత్తి ఆపాను. తెలుసట. అందుకే వచ్చిందట. నల్లమల అంచు గూడేల్లో పండే ఎర్ర అలసందకు బుడిపెలు గుత్తులు గుత్తులుగా వస్తాయి, కాయ తక్కువ. ప్రభాకరరావు వంగడానికి కాయ ఎక్కువ, వేరు సోమరి. రెండింటినీ కలిపింది. పుట్టిన వందల మొక్కల్లో మంచి వేరు దేనికి దక్కిందో తెలుసుకోవడానికి వేరు తవ్వడం లేదు. మొలకగా ఉన్నప్పుడే గోరంత ఆకు ముక్క తుంచి ల్యాబ్‌కు పంపుతుంది. తల్లిదండ్రుల గుణాలు మోసే జన్యువుల్లో కొన్ని చోట్ల గుర్తులుంటాయి. మార్కర్లు అంటారు. ఆ గుర్తు ఉంటే వేరు మంచిది.

"ఆకు చూసి వేరు సంగతి చెప్పడం, మొహం చూసి జాతకం చెప్పడం లాంటిది" అన్నాను.

"జాతకం తప్పని తెలిసేదానికి జీవితమంతా పడతాది సార్. ఇది పూత టయానికే తెలిసిపోతాది."

చేను ఇచ్చాను. ఇది తప్పని తేలడం నా కళ్లతో నేను చూడాలి. ఇంకే కారణమూ లేదు.

జూలై 8

నిద్ర సరిగా లేదు. కుడికన్ను మరీ మసకగా ఉంది. చదవడం కుదరకపోతే పాత సంగతులు వచ్చి కూర్చుంటాయి.

నేను చేసిందీ ఇదే పని. రెండు రకాలను కలిపి విత్తేవాడిని. పుట్టిన ప్రతి మొక్కా ఒక రకం, దానిలాంటిది ఇంకొకటి ఉండదు. దేని వేరు గొప్పదో చూడాలంటే పీకాలి. పీకితే మొక్క చస్తుంది. చచ్చిన మొక్క గింజ ఇవ్వదు. ఒకసారి కొబ్బరి పీచులా అల్లుకున్న వేరు, దాని నిండా రాగిగింజల్లా బుడిపెలు. అరచేతిలో పెట్టుకుని చూశాను. సాయంత్రానికి వాడిపోయింది. అట్లాంటి మొక్క మళ్లీ నాకు దొరకలేదు.

పెద్ద సమావేశంలో, వేదిక మీద నుంచి, ప్రభాకరరావు అన్నాడు: "మా ఆదిశేషు గారు మొక్కల డాక్టరు కాదండీ, పోస్టుమార్టం డాక్టరు." హాలంతా నవ్వింది. డైరెక్టరు నవ్వి నవ్వి టీ ఒంపుకున్నాడు. ఆ ఏడే నా పని ఆపేశారు. ఆయన వంగడం జిల్లా అంతా పాకింది, వెనకాలే యూరియా బస్తా మోసుకుంటూ.

ఆకు ముక్కతోనే ఆ పని జరిగేదయితే, నేను పీకిన మొక్కలన్నీ

వద్దు.

జూలై 12

మట్టి పరీక్ష ఫలితం వచ్చింది. చేలో నత్రజని దాదాపు లేదట. కేథరిన్ ఎగిరి గంతేసినంత పని చేసింది. నేల దరిద్రానికి ఇంత సంతోషపడిన మనిషిని నేను చూడలేదు. శ్రీశైలమ్మ మాత్రం మజ్జిగ గ్లాసు చేతికిస్తూ ఆ పిల్ల వంక జాలిగా చూసింది.

జూలై 15

రేపు మార్కాపురం. కంటి ఆపరేషన్. మేనల్లుడి ఇంట్లో దిగాలి. వాడి ఇంట్లో పుస్తకమన్నది లేదు. కట్టు కట్టాక పుస్తకమున్నా ఒకటే, లేకున్నా ఒకటే.

జూలై 31

వచ్చాను. నల్లద్దాలు. ఎక్కువ రాయకూడదన్నారు.

ఆగస్టు 5

విత్తడం నిన్న అయింది. నేల ముందే గుంటక తోలి సిద్ధంగా ఉంది. వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాను. సినిమా విలన్‌లా ఉన్నానని శ్రీశైలమ్మ అంది.

చేనును మూడు భాగాలు చేసింది పిల్ల. రెండు భాగాలు బాటవైపు, మూడోది గుట్టవైపు. ఒక్కో భాగంలో మార్కర్ చూసి ఏరిన వరసలన్నీ ఉంటాయి. పోల్చి చూడడానికి ప్రభాకరరావు వంగడం ఒక వరస. ఒక్కో వరసలో అంతా ఒకే రకం. చాళ్ల మధ్య ఎడం ఎక్కువైందని చెప్పాను. ఎందుకు అంత ఉండాలో చెప్పింది. తప్పు చెప్పలేదు. గింజ లోతు గురించి నేను చెప్పింది మాత్రం విన్నది. చేత్తో కొలిచి మరీ వేయించింది.

సాయంత్రం వరకు అక్కడే ఉన్నాను. ఇంట్లో ఫ్యాను పనిచేయడం లేదు, అందుకు.

ఆగస్టు 23

మొలక బాగుంది. ప్రభాకరరావు వరస అన్నిటికంటే బాగుంది. ముదురు పచ్చగా, ఆయన సంతకంలా ఆర్భాటంగా ఉంది. ఈ రాళ్లలో, చారెడు యూరియా లేకుండా. ఎట్లా?

నాకెందుకు.

సెప్టెంబర్ 3

గెలిచాను.

కేథరిన్ ఈరోజు బాటవైపు భాగాల్లో కొన్ని వరసల నుంచి మొక్కలు తవ్వింది. వేళ్లు కడిగింది. నున్నగా ఉన్నాయి. మార్కర్ ఉన్న వరసలకూ బుడిపెలు లేవు, లేనిదానికీ లేవు. అక్కడో బుడిపె, ఇక్కడో బుడిపె, ఆవగింజంత. గుట్టవైపు భాగాన్ని ముట్టుకోలేదు. అక్కడ మొక్కలు పొట్టిగా, పాలిపోయి ఉన్నాయి. అవి ఎట్లాగూ పోయినట్టే అనుకుంది.

గట్టు మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. చేతివేళ్లకు అంటుకున్న మట్టిని గోటితో గీకుతూ కూర్చుంది. జాతకం గురించి ఒక మాట అందామని దగ్గరికి వెళ్లాను. "మంచినీళ్లు తాగమ్మా" అని వచ్చేశాను.

రాత్రి అన్నం సహించలేదు. ఎండ దెబ్బ.

సెప్టెంబర్ 5

కేథరిన్ ఫోన్ చేసింది. పన్నెండో తేదీన కమిటీ వస్తోంది. ప్రభాకరరావూ వస్తున్నాడు. వేళ్లు ఇట్లా ఉంటే ఆ వరసల గింజలు చలిపెట్టెలోకి పోతాయి, ఇక పొలానికి రావు. మూడేళ్ల పని. అందరికీ అయ్యేదే. నాకు కాలేదా?

సెప్టెంబర్ 7

పొద్దున్నే గుట్ట ఎక్కాను. డాక్టరు నడవమన్నాడు.

రంగులు ఇంత ఉంటాయని ఆపరేషన్ అయ్యేదాకా మరిచేపోయాను. ఏళ్లుగా నాకు అన్నీ టీ నీళ్లలో ముంచి తీసినట్టు కనిపించేవి. పైనుంచి చూస్తే చేను ముదురు పచ్చ, లేత పచ్చ, రెండు రంగులుగా ఉంది. రకాన్ని బట్టి రంగు మారితే వరసల వెంట, చాళ్ల వెంట, తిన్నగా మారాలి. ఇక్కడ చాళ్లు తిన్నగానే పోతున్నాయి, ముదురు పచ్చ మాత్రం గుండ్రంగా ఉంది. ఒక పెద్ద గుండ్రం, దాని మీద సగం ఎక్కిన ఇంకో గుండ్రం. బాటవైపు భాగాలు రెండూ వాటిలోపలే పడ్డాయి. గుట్టవైపుది బయట ఉంది.

మొక్కలు గుండ్రంగా పచ్చబడవు. గుండ్రంగా ఉండేది ఇంకొకటి ఉంది.

దిగి ఇంటికి వచ్చేసరికి శ్రీశైలమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది.

"నేను మార్కాపురంలో ఉన్నప్పుడు గుట్ట కింది చేలో మంద కట్టించినావా?"

"కట్టించినా. ఏం?"

"ఎవరు చెప్పినారు నీకు?"

"మంద కట్టేదానికి ఒకరు చెప్పాల్నా? ఆ పాప మట్టి మూటగట్టుకోని పోయి పరీక్ష చేయించుకోనొచ్చి, బలం లేదు, బలం లేదని నీ ముందరే చెప్పె. బలం లేని నేలలో ఎవరన్నా ఇత్తనం ఏస్తారా అన్నా? కోటిని బతిమాలి రాత్రిపూట గొర్రెల్ని అక్కడ నిలిపించినా. వాని మందకు ఊరంతా కాచుకోనుంటే, నా మొహం చూసి ముందు మనకు కట్టినాడు."

మా వైపు గౌరవమంటే ఇదే. చేలో గుండ్రంగా వల కట్టి రాత్రంతా గొర్రెలను అందులో నిలుపుతారు. పెంటిక, ఉచ్చ నేలలో ఇంకి ఎరువవుతుంది. కూతురి పెళ్లికి చీర పెట్టినట్టు, కావలసినవాళ్ల చేనుకు మంద కట్టిస్తారు. కోటి ఒకచోట వల కట్టి, తరువాత కాస్త పక్కకు జరిపాడు. అందుకే రెండు గుండ్రాలు. విత్తేటప్పుడు కేథరిన్‌కు అనుమానం రాలేదు. ఇక్కడ గొర్రె పెంటిక లేని చేను ఏది?

నేలలో నత్రజని దొరికితే అలసంద బుడిపెలు కట్టదని, సూక్ష్మజీవులను పిలిచి పోషించే ఖర్చు దండగని మొక్కకు తెలుసని, ఆ పాపకు సాయం చేయబోయి కొంప ముంచావని శ్రీశైలమ్మకు చెప్పాను. గట్టిగానే చెప్పాను.

"అంటే తిండి ముందరికి వస్తే పనిచేయవన్నమాట" అంది.

"అంతే."

"నీ మాదిరే" అని చేట దులిపింది. మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. కళ్లు తుడుచుకోవడం చూశాను.

కోటి మందతో దారిలో ఎదురైతే వాడినీ తిట్టాను. వాడు కర్ర గడ్డం కింద ఆనించుకుని విన్నాడు. "అందరూ కట్టు కట్టు అని ఎంటబడతారు పెదనాయనా. కట్టినందుకు తిట్టినోడివి నువ్వొక్కడివే. మా గొర్రెలకు చెప్తాలే, ఇంకోసారి అట్ల పోయొద్దని."

సెప్టెంబర్ 8

చెప్పవలసిన అవసరం నాకేమీ లేదు.

సెప్టెంబర్ 9

న్యాయంగా ఆలోచిద్దాం. నేను చేను ఇచ్చాను. అంతవరకే నా పని. కమిటీ వస్తుంది, నున్నటి వేళ్లు చూస్తుంది. ప్రభాకరరావు తన శిష్యురాలి పనిని తన నోటితోనే కొట్టేస్తాడు. వేదిక మీద నుంచి ఆయన నవ్వించిన నవ్వుకు ఇంతకంటే మంచి జవాబు నేను రాయలేను. పైగా అందులో నా చేయి లేదు, గొర్రెలది తప్ప.

నా పని ఆపేసినప్పుడు కారణం నాకు తెలుసు, ఇంకెవరికీ అక్కర్లేకపోయింది. ఈ పిల్లకు కారణమే తెలియదు. మార్కర్ తప్పనుకుంటుంది. తన లెక్క తప్పనుకుంటుంది. ఇంకో పని చూసుకుంటుంది.

కేథరిన్ రెండుసార్లు ఫోన్ చేసింది. తీయలేదు.

సెప్టెంబర్ 10

చెప్పాను. పొద్దున మొదటి బస్సుకు గిద్దలూరు వెళ్లి, ఆమె ఉంటున్న గది వెతుక్కుని చెప్పి వచ్చాను. ఎట్లాగూ కంటి చుక్కలు కొనాలి.

సంతోషపడుతుందనుకున్నాను. ముందు అడిగింది, శ్రీశైలమ్మ అవ్వను ఏమీ అనలేదు కదా అని. అనలేదన్నాను. తరువాత కాగితం మీద చేను గీసి, గుండ్రాలు ఎక్కడెక్కడ పడ్డాయో గీయమంది. గీశాను. గుట్టవైపు భాగం ఒక్కటే బయట మిగిలింది. అందులో బతికిన మొక్కలే తక్కువ. తవ్వితే అవీ పోతాయి.

"తవ్వకపోతే కమిటీ నమ్మదు. తవ్వితే గింజ పోతుంది. ఈ ఉరిలో నేను ముప్పై ఏళ్లు ఉన్నానమ్మా" అన్నాను.

ఆ పిల్ల నావంక వింతగా చూసింది. "ఒక మొక్క పోతే పోనీండి సార్. వరసంతా అక్కచెల్లెళ్లే. అందరి ఆకులూ ముందే చూసినాం. ఒకదాన్ని తవ్వితే మిగతావాటి వేరు తెలిసిపోతాది, గింజ వాటికాడ తీసుకుంటాం."

ఇంత చిన్న మాట. బస్సులో వస్తూ రాచర్ల స్టేజీ దాటిపోయి తరువాతి ఊళ్లో దిగాను.

సెప్టెంబర్ 12

ఆయన ముసలివాడయ్యాడు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. చేతికర్ర, మోకాళ్లకు పట్టీలు. కారు దిగడానికి డ్రైవరు పట్టుకోవలసి వచ్చింది. కమిటీలో మిగతావాళ్లు కుర్రాళ్లు, సెల్‌ఫోన్లు చూసుకునే రకం.

"ఏమయ్యా ఆదిశేషూ, కన్ను బాగుచేయించుకున్నావట" అన్నాడు.

"నీ వంగడం చూడడానికి" అన్నాను.

బాటవైపు వేళ్లు చూశారు. నున్నగా ఉన్నాయి. మార్కర్ ఒకటి చెబుతోంది, వేరు ఇంకోటి చెబుతోందని ఒక కుర్రాడు అన్నాడు. కేథరిన్ మంద సంగతి చెప్పింది. ఎవరిమీదా నెపం పెట్టకుండా, "విత్తక ముందు ఇక్కడ గొర్రెల మంద నిలిచింది, నేను గమనించలేదు" అని తన మీదే వేసుకుంది. గట్టు మీద నిలబడి వింటున్న శ్రీశైలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాకు బాగుందని ఆ కుర్రాడు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. గుట్టవైపుకు నడవమన్నాను. రాళ్లలో ప్రభాకరరావు నడవలేడన్నారు. "నడుస్తాడు. పదవుల కోసం ఇంతకంటే ఎత్తు ఎక్కినాడు" అన్నాను. ఆయన నడిచాడు. చివర నా భుజం పట్టుకున్నాడు. వదిలించుకునేవాడినే, పడిపోతాడని ఊరుకున్నాను.

ఏ మొక్క తవ్వాలో ఆయన్నే చూపమన్నాను. కర్రతో చూపాడు. గడ్డపార నేనే పట్టుకున్నాను. వేరు తెగకుండా ఎంత దూరం నుంచి తవ్వాలో నా చేతులు మరవలేదు. బకెట్‌లో ముంచి కడిగాను. పాలిపోయిన ఆ పొట్టి మొక్క కింద గుత్తులు గుత్తులు. ఒక బుడిపెను గోటితో చీల్చి ఆయన కళ్లముందు పెట్టాను. లోపల మాంసంలా ఎర్రగా ఉంది. పనిచేసే బుడిపె రంగు అది. సెల్‌ఫోన్లు జేబుల్లోకి వెళ్లాయి.

తరువాత ఆయన తన వంగడాన్ని చూపాడు. అడక్కుండానే. దాని వేరుకు నాలుగు బుడిపెలు, లోపల తెల్లగా. చాలాసేపు చేతిలో పెట్టుకున్నాడు.

"యూరియా లేకుండా దీన్ని నేనెప్పుడూ చూడలేదయ్యా" అన్నాడు.

ఈ రోజు కోసం దాచిపెట్టుకున్న మాటలు మూడు ఉన్నాయి. ఒక్కటీ అనలేదు. ఎండ ఎక్కువగా ఉంది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. "మూలన నాలుగు మొక్కలు చూసి తీర్పు చెప్పలేం. గుండ్రంలో కూడా అన్ని వరసలూ తవ్వి చూడాలి" అన్నాడు. ఆ పిల్ల చేసిన పని మీద ఇంకా అనుమానమేనా అని గొంతు లేచింది నాకు. కేథరిన్ నన్ను ఆపి, సార్ చెప్పింది నిజమేనంది. తవ్వాం. ఒకటి, రెండు, అన్నీ నున్నన. ఏడో వరస దగ్గర, గొర్రెల ఎరువు నిండిన ఆ నేలలోనే, వేరుకు బుడిపెలు. గుత్తులు కాదు, కానీ ఎర్రవి. పక్కన ఇంకో మొక్క తవ్వాం. దానికీ ఉన్నాయి.

"ఇది నీ మార్కర్ చెప్పిందా?" అని ఆయన అడిగాడు.

"లేదు సార్" అంది కేథరిన్.

నేను అన్నాను: "మా ఊళ్లో మంద కట్టని చేను ఉండదు. మంద కట్టిన చేలో కూడా పనిచేసే వేరు కావాలి మాకు. ల్యాబ్‌లో ఎవరికీ ఆ ఆలోచన ఎందుకు వస్తుంది?" ప్రభాకరరావు కాదనలేదు. ఆ ఏడో వరస గింజ జాగ్రత్త అన్నాడు. వచ్చే తొలకరికి ఇదే చేలో సగానికి మంద కట్టి, సగం వదిలేసి, వరసలన్నీ మళ్లీ విత్తాలని కుర్రాళ్లతో రాయించాడు. చలిపెట్టె మాట ఎత్తలేదు.

వాళ్లు వెళ్లాక, గుట్టవైపు తవ్విన మొక్కను మళ్లీ పాతి నీళ్లు పోశాను. బతకదు.

సెప్టెంబర్ 15

బతకలేదు. వరసలో మిగతావి పూతకు వచ్చాయి.

అక్టోబర్ 22

తుపాను అంటున్నారు. ఏడో వరస కాయ సగం ఎండింది, సగం పచ్చి. వాన తగిలితే చెట్టు మీదే మొలకెత్తుతుంది. కేథరిన్ గిద్దలూరు నుంచి ఆటో కట్టించుకుని వచ్చింది. శ్రీశైలమ్మ, కోటి, వాడి పెళ్లాం, అందరం కోశాం. ఏ వరస ఏ సంచిలోకి పోవాలో నేను నిలబడి అరిచాను. అరిచినవాడికి పని ఉండదనుకుంటారు.

"గొర్రెలు తిని పెంటిక పెట్టినందుకు మా వాటా ఏంది పెదనాయనా?" అని కోటి అడిగాడు. వచ్చే ఏడు సగం చేను అన్నాను. వాడికి అర్థం కాలేదు, శ్రీశైలమ్మ నవ్వింది.

చినుకు మొదలయ్యేసరికి ఆఖరి సంచి వరండాలోకి వచ్చింది.

అక్టోబర్ 26

వాన. నాలుగు గదుల్లోనూ అలసంద కాయలు పరిచి ఉన్నాయి. నా మంచం మీద కూడా. కుర్చీలో పడుకుంటున్నాను.

నవంబర్ 9

ఏడో వరస గింజల్లో సగం కేథరిన్ ల్యాబ్‌కు తీసుకుపోయింది. సగం నా దగ్గర ఉంచింది. ఒకే చోట ఉండడం మంచిది కాదట. వేపాకు వేసి కుండలో పెట్టి మూతికి గుడ్డ కట్టాను. ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ, నేను ఇంతకుముందు చూసిన మంచి వేళ్లు ఎట్లా ఉండేవో చెప్పమని అడిగింది. బస్సు తప్పిపోయేంతసేపు చెప్పాను.

సాయంత్రం ప్రభాకరరావు ఫోన్. ముందు మోకాళ్ల గురించి, తరువాత గింజల గురించి. బాగున్నాయన్నాను. తొలకరికి విత్తేటప్పుడు తానూ వస్తానన్నాడు. పొద్దున వచ్చి సాయంత్రం పోతే ఏమీ కనిపించదు, రెండు మూడు రోజులు ఉండాలి, రాచర్లలో లాడ్జి ఉందా అని అడిగాడు. లేదన్నాను. గిద్దలూరులో ఉందన్నాను. సరే, అక్కడి నుంచి ఆటోలో వస్తానన్నాడు. పెట్టేశాను.

తలెత్తేసరికి శ్రీశైలమ్మ ముందుగదిలో ఉంది. రెండో మంచం మీద పేర్చుకున్న నా పుస్తకాలను ఒడి నిండా ఎత్తుకుని నిలబడి, ఇవి ఎక్కడ పెట్టాలని అడిగింది. తొలకరికి ఇంకా ఏడు నెలలు ఉంది.

అటక మీద పెట్టమన్నాను.